యుద్ధం ఎవరికి ఎప్పుడు ముగిసింది: యుద్ధానంతర జపాన్‌ను చదివే పద్ధతి

యుద్ధానంతర జపాన్ గురించి చదవడానికి కూర్చున్నవారు సాధారణంగా ఒకే దారి పడతారు. 1945 ఆగస్టులో లొంగుబాటు, దాదాపు ఏడేళ్ల అమెరికా ఆక్రమణ, కొత్త రాజ్యాంగం, ఆ తర్వాత ఆర్థిక అద్భుతం, 1964లో టోక్యో ఒలింపిక్స్. అన్నీ నిజాలే. కానీ ఈ వరుసలో చదివితే ఒక దేశం పడి లేచిన కథ మాత్రమే మనసులో మిగులుతుంది. ఆ దేశంలో ఎవరు లేచారు, ఎవరు లేవలేకపోయారు, ఎవరి భుజం ఆసరా చేసుకుని ఎవరు లేచారు అన్నది తెలియకుండానే పుస్తకం మూసేస్తాం.

నేను డిగ్రీ విద్యార్థులకు ప్రపంచ చరిత్ర చెబుతాను. ఈ పాఠానికి వచ్చేసరికి వాళ్ల చేతికి తేదీల పట్టిక ఇవ్వను. ఒక ప్రశ్న ఇస్తాను: యుద్ధం ఎవరికి ఎప్పుడు ముగిసింది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని చదివితే సమాజం, రాజకీయం, సంస్కృతి మూడూ విడివిడి అధ్యాయాలుగా కాకుండా ఒకే ఇంట్లో జరిగిన సంగతుల్లా అర్థమవుతాయి. సొంతంగా చదువుకునేవారి కోసం ఆ పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక పెద్ద కాగితం తీసుకోండి. పైన అడ్డంగా 1945 నుంచి 1972 వరకు సంవత్సరాలు రాయండి. ఎడమ పక్క నిలువుగా మనుషులను రాయండి. ప్రధానమంత్రులను, సేనాధిపతులను కాదు. మంచూరియాకు (చైనా ఈశాన్య ప్రాంతానికి) వెళ్లిన సైనికుడి తల్లి, టోక్యోలో పిల్లలున్న గృహిణి, సొంత భూమి లేని కౌలు రైతు, బడి పిల్లవాడు, జపాన్‌లో పనిచేస్తున్న కొరియా కార్మికుడు, ఒకినావా నివాసి, హిరోషిమా నుంచి బతికి బయటపడిన స్త్రీ, మినమాటా తీరంలోని జాలరి. ఎనిమిది వరుసలు చాలు. ఎక్కువైతే ఏదీ లోతుగా చదవలేం. ఇకనుంచి మీరు చదివే ప్రతి తేదీని ఈ వరుసల్లో ఎక్కడ రాయాలో ఆలోచించి రాయాలి. ఏ వరుసలోనూ ఇమడని తేదీ ఎంత ప్రసిద్ధమైనదైనా సరే, పక్కన పెట్టండి.

ఆగస్టు 15ను ఎక్కడ రాయాలి

1945 ఆగస్టు 15 మధ్యాహ్నం 12 గంటలకు చక్రవర్తి గొంతు రేడియోలో వినిపించింది. సామాన్య ప్రజలు ఆ గొంతు వినడం అదే మొదలు. మాటలు ఆస్థాన భాషలో ఉన్నాయి, ప్రసారం గరగరలాడింది. లొంగిపోతున్నాం అన్న మాట సూటిగా లేదు. విన్నవారిలో చాలామందికి సంగతి ఏమిటో పక్కవాళ్లు చెబితేనే తెలిసింది. లొంగుబాటు పత్రం మీద సంతకాలు సెప్టెంబరు 2న టోక్యో అఖాతంలో అమెరికా యుద్ధనౌక మిస్సోరీ మీద జరిగాయి.

ఇప్పుడు మీ కాగితం చూడండి. గృహిణి వరుసలో ఆ రాత్రి నుంచి బాంబుల భయం పోయింది, దీపాలకు కప్పిన నల్లగుడ్డ తీసేశారు. అది రాయవచ్చు. సైనికుడి తల్లి వరుసలో ఏం రాస్తారు? ఆ రోజు నాటికి సైనికులు, పౌరులు కలిపి సుమారు 65 లక్షల మంది జపనీయులు దేశం బయట ఉన్నారు. మంచూరియాలో చిక్కుకున్న సైనికులను సోవియట్ సేనలు పట్టుకుని సైబీరియా శ్రమ శిబిరాలకు తరలించాయి. వాళ్ల సంఖ్య 6 లక్షలకు దగ్గరగా ఉంటుంది, పదుల వేల మంది అక్కడే చనిపోయారు. చివరి పెద్ద బృందం 1956 డిసెంబరులో గానీ తిరిగి రాలేదు. వాళ్లను తెచ్చిన ఓడలు జపాన్ సముద్ర తీరంలోని మైజురు రేవుకు చేరేవి. కొడుకు పేరు జాబితాలో లేకపోయినా ప్రతి ఓడకూ వచ్చి నిలబడే తల్లులు ఉండేవారు. ఆ రేవులో ఇప్పుడు ఒక స్మారక మ్యూజియం ఉంది. అక్కడి శిబిర పత్రాలు 2015లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేరాయి.

మరో సంగతి కూడా ఆ తల్లి వరుసలోనే రాయండి. జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే 1946 నుంచి తప్పిపోయినవారి కోసం రేడియో కార్యక్రమం నడిపింది. ఫలానా దళంలో పనిచేసిన ఫలానా వ్యక్తి ఆచూకీ తెలిసినవారు చెప్పండి అని పేర్లు చదివేవారు. అది 1962 దాకా సాగింది. ఒలింపిక్స్‌కు ఇంకా రెండేళ్లే ఉన్న దేశంలో, యుద్ధంలో తప్పిపోయినవాళ్ల పేర్లు ఇంకా రేడియోలో వినిపిస్తున్నాయన్నమాట. ఏ ఆర్థిక గణాంకంలోనూ కనిపించని సంగతి ఇది. అందుకే నేను దీన్ని మొదటే చెబుతాను.

మొదటి మూడేళ్లను ఆకలి వైపు నుంచి చదవండి

చాలా పుస్తకాలు లొంగుబాటు నుంచి నేరుగా రాజ్యాంగానికి వెళ్తాయి. మీరు అలా వెళ్లకండి. 1945 నుంచి 1948 వరకు టోక్యో గృహిణి రోజంతా ఆలోచించింది బియ్యం గురించే.

యుద్ధం చివరి రోజుల్లో పెద్దవాళ్లకు రోజువారీ బియ్యం కోటా 2.1 గోలకు తగ్గింది, అంటే సుమారు 300 గ్రాములు. అదీ సమయానికి వచ్చేది కాదు. బియ్యం బదులు చిలగడదుంపలు, నూనె తీసిన సోయా పిప్పి ఇచ్చిన రోజులే ఎక్కువ. పట్టణపు ఆడవాళ్లు పెట్టెలోని పట్టు కిమోనోలు మూటకట్టుకుని, కిక్కిరిసిన రైళ్లలో పల్లెలకు వెళ్లి రైతుల దగ్గర దుంపలకు మార్చుకునేవారు. తిరిగి వస్తుంటే దారిలో పోలీసులు సోదా చేసి ఆ దుంపలనూ లాక్కున్న సందర్భాలు ఉన్నాయి. టోక్యోలో షింబాషి, షింజుకు, ఉయెనో స్టేషన్ల పక్కన నల్లబజార్లు వెలిశాయి. ఉయెనో పట్టాల పక్కన ఇప్పటికీ రద్దీగా నడిచే అమెయోకో బజారు పుట్టింది ఆ రోజుల్లోనే.

1946 ఫిబ్రవరిలో ప్రభుత్వం బ్యాంకు డిపాజిట్లను స్తంభింపజేసి కొత్త యెన్ నోట్లు తెచ్చింది. ఇంటి యజమాని నెలకు 300 యెన్‌లు, మిగతా ఒక్కొక్కరికి 100 యెన్‌లు మాత్రమే తీసుకోవచ్చు. కొత్త నోట్ల ముద్రణ అందక పాత నోట్ల మీదే ముద్ర చీటీలు అతికించి చలామణీ చేశారు. ధరలు మాత్రం ఆగలేదు. జీవితమంతా దాచుకున్న సొమ్ము రెండు మూడేళ్లలో దేనికీ కొరగాకుండా పోయింది. గృహిణి వరుసలో ఈ ఫిబ్రవరిని ఎర్ర సిరాతో రాయండి. ఆ తర్వాతి దశాబ్దాల్లో జపాన్ కుటుంబాల మనసు తెలియాలంటే ఈ దెబ్బ తెలియాలి.

అదే ఏడాది మే 19న చక్రవర్తి ప్రాసాదం ఎదుట మైదానంలో సుమారు రెండున్నర లక్షల మంది చేరి అన్నం అడిగారు. చక్రవర్తి కడుపునిండా తింటుంటే ప్రజలు ఆకలితో చావాలా అన్న అర్థం వచ్చే ప్లకార్డు పట్టుకున్న కార్మికుడి మీద చక్రవర్తిని అవమానించిన నేరం మోపారు. ఆ నేరాన్నే మరుసటి ఏడాది శిక్షాస్మృతి నుంచి తొలగించారు. ఆ ప్రదర్శన జరిగిన మర్నాడే, ఆక్రమణ సేనల అధిపతి, అమెరికా జనరల్ మెక్ఆర్థర్ గుంపుల ప్రదర్శనలను సహించబోమని హెచ్చరించాడు. ప్రజాస్వామ్యం నేర్పడానికి వచ్చినవాళ్లు ఆకలి ఊరేగింపును చూసి ఉలిక్కిపడ్డారు. 1947 ఫిబ్రవరి 1న తలపెట్టిన సార్వత్రిక సమ్మెను ముందురోజే నిషేధించడం కూడా ఈ వరుసలోనిదే.

ఇక న్యాయమూర్తి యమగుచి యోషితద గురించి తప్పకుండా చదవండి. టోక్యో జిల్లా న్యాయస్థానంలో నల్లబజారు నేరాలు విచారించేవాడు. దొరికిన బియ్యం కోసం పేదవాళ్లకు శిక్ష వేస్తూ, తాను మాత్రం అదే బజారు బియ్యం తినడం ధర్మం కాదనుకున్నాడు. కోటాలో వచ్చినదాంట్లో ఎక్కువ పిల్లలకు పెట్టాడు. 1947 అక్టోబరులో, 33 ఏళ్లకు, పోషణ లేక చనిపోయాడు. ఆయన్ను సాధువుగా పూజించడమో, మొండివాడని కొట్టిపారేయడమో తేలిక. నేను విద్యార్థులను అడిగేది వేరు: చట్టాన్ని అక్షరాలా పాటిస్తే బతకలేని దేశంలో, బతికున్న ప్రతివాడూ ఏదో ఒక చట్టం ఉల్లంఘించినవాడే కదా, ఆ సంగతి అందరికీ తెలిసిన సమాజంలో ప్రభుత్వం మీద గౌరవం ఎలా నిలుస్తుంది?

బడి పిల్లవాడి వరుసలో మూడు సంగతులు రాయండి. 1945 శరత్కాలంలో పిల్లలే కుంచెలు పట్టుకుని, ఉపాధ్యాయులు చెప్పిన పంక్తులను పాఠ్యపుస్తకాల్లో నల్లసిరాతో కొట్టేశారు. నిన్నటిదాకా కంఠస్థం చేయించిన గురువే ఈ రోజు కొట్టేయమంటున్నాడు. ఆ తరం పెద్దయ్యాక అధికారం మాటను అంత తేలికగా ఎందుకు నమ్మలేదో ఇక్కడే తెలుస్తుంది. రెండోది, 1946 చివర్లో మొదలైన బడి భోజనంలోని పాలపొడి పాలు. మూడోది మన దేశానికి సంబంధించినది. ఉయెనో జంతుశాలలోని ఏనుగులను 1943లో తిండి పెట్టకుండా చంపారు, వైమానిక దాడుల్లో తప్పించుకుంటాయన్న భయంతో. యుద్ధం తర్వాత ఒక్కసారి ఏనుగును చూడాలని టోక్యో పిల్లలు నెహ్రూకు ఉత్తరాలు రాశారు. 1949 సెప్టెంబరులో ఆయన పంపిన ఏనుగు అక్కడికి చేరింది. దాని పేరు ఇందిర. యుద్ధానికి నిజమైన ముగింపు తమకు అదేనని చెప్పుకున్న పిల్లలు ఉంటే నేను ఆశ్చర్యపోను.

చట్టాలను చదివేటప్పుడు

రాజ్యాంగాన్ని విజేతలు రాసి ఇచ్చారు అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టకండి. 1946 ఫిబ్రవరిలో మెక్ఆర్థర్ కార్యాలయంలోని చిన్న బృందం సుమారు వారం రోజుల్లో ముసాయిదా తయారుచేసింది, నిజమే. వివాహం స్త్రీపురుషుల పరస్పర అంగీకారంతోనే జరగాలన్న 24వ అధికరణం వెనుక ఉన్నది 22 ఏళ్ల బియాటె సిరోటా. టోక్యోలో పెరిగి, జపనీస్ మాట్లాడుతూ, అక్కడి ఆడపిల్లలు తల్లిదండ్రుల నిర్ణయానికి తలవంచడం కళ్లారా చూసిన మనిషి. అయితే అక్కడితో ఆగితే జపాన్ స్త్రీలు ఏమీ చేయనట్లు అవుతుంది. ఇచికవ ఫుసయె వంటివారు ఓటు హక్కు కోసం 1920ల నుంచి పోరాడుతున్నారు. 1946 ఏప్రిల్ 10న స్త్రీలు తొలిసారి ఓటేసిన సార్వత్రిక ఎన్నికల్లో 39 మంది మహిళలు గెలిచారు. కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చింది ఆ తర్వాత ఏడాదికి, 1947 మే 3న. ఆరోగ్యకరమైన, సంస్కారవంతమైన కనీస జీవన ప్రమాణం ప్రతి పౌరుడి హక్కు అనే 25వ అధికరణపు మాటలు అమెరికా ముసాయిదాలో లేవు, పార్లమెంటు చర్చల్లో సోషలిస్టులు పట్టుబట్టి చేర్పించారు. జాతీయ పార్లమెంటు గ్రంథాలయం రాజ్యాంగం పుట్టుక మీద పెట్టిన ప్రదర్శన ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది, ఇంగ్లీషులో కూడా. ముసాయిదాల బొమ్మలు అక్కడ పక్కపక్కన పెట్టి చూడండి. రెండు గంటలు కేటాయిస్తే ఏ మాట ఎప్పుడు చేరిందో మీకే తెలుస్తుంది.

భూసంస్కరణను మాత్రం వదిలేయకండి, చాలామంది వదిలేస్తారు. యుద్ధం ముగిసేనాటికి సాగుభూమిలో 46 శాతం కౌలుభూమి. ఊళ్లో ఉండని భూస్వాముల భూమి మొత్తం, ఊళ్లో ఉన్నవారి కౌలుభూమిలో సుమారు ఒక హెక్టారు పోగా మిగిలినది, ప్రభుత్వం కొని కౌలుదార్లకు అమ్మింది. ప్రతి గ్రామంలో ఎన్నికైన భూమి కమిటీలో కౌలుదార్లు 5, భూస్వాములు 3, సొంత సాగుదార్లు 2. ధర నిర్ణయించిన తర్వాత ద్రవ్యోల్బణం చెలరేగడంతో రైతు చెల్లించాల్సింది దాదాపు నామమాత్రమైంది. 1950 నాటికి కౌలుభూమి 10 శాతానికి పడిపోయింది. మీ కాగితంలో కౌలు రైతు వరుసలో ఇదే యుద్ధం ముగిసిన తేదీ. రాజకీయ ఫలితం కూడా అక్కడే రాయండి: సొంత భూమి చిక్కిన రైతు నెమ్మదిగా సంప్రదాయవాద పార్టీకి నమ్మకమైన ఓటరయ్యాడు. 1955 నవంబరులో ఏర్పడిన లిబరల్ డెమోక్రటిక్ పార్టీ 1993 దాకా అధికారం వదలకపోవడానికి పునాదుల్లో ఇది ముఖ్యమైనది.

ఈ కాలపు పత్రికలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. యుద్ధానికి ముందు ప్రభుత్వం కొట్టేసిన చోట పత్రికల్లో ఇంటూ గుర్తులు కనిపించేవి. ఆక్రమణ కాలపు సెన్సారు అలా కాదు. కొట్టేసిన చోటు ఖాళీగా వదలకూడదు, సెన్సారు ఉందన్న సంగతే పాఠకుడికి తెలియకూడదు. కాబట్టి 1946 నాటి పత్రికలో అణుబాంబు బాధితుల గురించి ఏమీ లేకపోతే ఎవరికీ పట్టలేదని అనుకోకండి. బాధితుల ఫోటోలను ఒక సచిత్ర వారపత్రిక విస్తృతంగా ప్రచురించగలిగింది 1952 ఆగస్టు 6న, ఆక్రమణ ముగిశాకనే. సెన్సారు అధికారుల చేతిరాత గుర్తులతో సహా ఆనాటి పత్రికలు అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ప్రాంగె సేకరణలో ఉన్నాయి.

జపాన్ యుద్ధకాల నాయకుల మీద యుద్ధ నేరాలకు జరిగిన టోక్యో విచారణ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దీని మీద చదవడానికి కావలసినంత దొరుకుతుంది. 11 మంది న్యాయమూర్తుల్లో భారతీయుడు రాధాబినోద్ పాల్ నిందితులందరినీ నిర్దోషులన్నాడు. దీన్ని జాతీయ గర్వంతో చదవకండి. ఆయన అభ్యంతరం చట్టానికి, విచారణ పద్ధతికి, తీర్పు చెప్పే వలస రాజ్యాల నైతిక హక్కుకు సంబంధించినది. జపాన్ సైన్యం అకృత్యాలు చేయలేదని ఆయన అనలేదు. ఆ తీర్పును అక్కడి మితవాదులు తమకు అనుకూలంగా వాడుకున్నారు. పక్కన రెండు ఖాళీలు గుర్తుపెట్టుకోండి: చక్రవర్తి మీద విచారణ జరగలేదు, చైనాలో ఖైదీల మీద సూక్ష్మజీవుల ప్రయోగాలు చేసిన 731వ దళం శాస్త్రవేత్తలకు సమాచారానికి బదులుగా రక్షణ దొరికింది.

1952 ఏప్రిల్ 28 మీద ఆగండి

ఈ తేదీ దగ్గరే నేను తరగతిలో ఎక్కువసేపు ఆగుతాను. 1951 సెప్టెంబరు 8న శాన్‌ఫ్రాన్సిస్కోలో కుదిరిన శాంతి ఒప్పందం ఆ రోజు అమల్లోకి వచ్చింది. ఆక్రమణ ముగిసింది, జపాన్ స్వతంత్రమైంది. భారత్ ఆ సభకు వెళ్లలేదు, 1952 జూన్ 9న విడిగా ఒప్పందం చేసుకుంది. ఇది పాఠ్యపుస్తకం చెప్పే సంగతి.

ఇప్పుడు వరుసలు చూడండి. యుద్ధం ముగిసేనాటికి జపాన్‌లో సుమారు 20 లక్షల మంది కొరియన్లు ఉండేవారు, అందులో చాలామంది గనులకూ కర్మాగారాలకూ బలవంతంగా తరలించబడినవాళ్లు. తిరిగి వెళ్లగా 6 లక్షల మంది మిగిలారు. ఏప్రిల్ 28న వాళ్ల జపాన్ పౌరసత్వం ఒక్క ఉత్తర్వుతో పోయింది. రెండు రోజుల తర్వాత, ఏప్రిల్ 30న, యుద్ధంలో గాయపడిన సైనికులకు, మరణించినవారి కుటుంబాలకు సహాయం చేసే చట్టం వచ్చింది. అది పౌరులకు మాత్రమే. జపాన్ సైన్యంలో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న కొరియన్‌కు ఏమీ లేదు. ఈ రెండు తేదీలనూ పక్కపక్కనే రాయండి. ఇక వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఒకినావా వరుసలో అదే రోజున ద్వీపాలు అమెరికా పాలన కింద ఉండిపోయాయి. అక్కడ ఆ తేదీని అవమాన దినం అంటారు. 2013లో ప్రభుత్వం టోక్యోలో స్వాతంత్ర్య పునరుద్ధరణ ఉత్సవం జరిపితే, అదే రోజు ఒకినావాలో నిరసన సభ జరిగింది. 1958లో ఒకినావాలో డాలర్ చలామణీలోకి వచ్చింది. అదే వేసవిలో అక్కడి షురి ఉన్నత పాఠశాల బేస్‌బాల్ జట్టు జపాన్ ప్రధాన భూభాగంలోని కోషియెన్ మైదానంలో ఆడి ఓడిపోయింది. ఓడిన జట్టు గుర్తుగా మైదానపు మట్టి తీసుకెళ్లడం అక్కడి ఆనవాయితీ. నాహా రేవులో అధికారులు ఆ మట్టిని, విదేశీ మట్టి కనుక, మొక్కల రోగ నిరోధక చట్టం కింద సముద్రంలో పారబోయించారు. ఒకినావా 1972 మే 15న తిరిగి జపాన్‌లో కలిసింది. వాహనాలు కుడిపక్క నుంచి ఎడమపక్కకు మారింది 1978 జూలై 30న. మీ కాగితం 1972తో ఆగుతుంది కదా, ఒకినావా వరుసకు మాత్రం పక్కన మరో కాగితం అతికించాలి.

1960ని ఎలా చదవాలి

కొరియా యుద్ధపు కొనుగోళ్లు, డాలరుకు 360 యెన్‌ల మారకం, 1954లో ఆత్మరక్షణ దళాల ఏర్పాటు, ఇవన్నీ ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. వాటిని వేగంగా దాటి 1960కి రండి.

కిషి నొబుసుకె యుద్ధకాలపు మంత్రి. ప్రథమశ్రేణి యుద్ధ నేరాల అనుమానితుడిగా సుగామో జైలులో ఉండి, విచారణ లేకుండా 1948 డిసెంబరులో విడుదలయ్యాడు. 1957లో ప్రధాని అయ్యాడు. అమెరికాతో భద్రతా ఒప్పందాన్ని సవరించి, 1960 మే 19 అర్ధరాత్రి దాటాక, బైఠాయించిన సోషలిస్టు సభ్యులను పోలీసులతో ఎత్తివేయించి సభ ఆమోదం పొందాడు. ఆ తర్వాత నెలరోజులు పార్లమెంటు చుట్టూ లక్షల మంది. జూన్ 15న ప్రాంగణంలో జరిగిన ఘర్షణలో విశ్వవిద్యాలయ విద్యార్థిని కంబ మిచికొ చనిపోయింది. ఐజన్‌హోవర్ పర్యటన రద్దయింది. ఒప్పందం మాత్రం జూన్ 19న దానంతట అదే ఖాయమైంది, కిషి రాజీనామా చేశాడు.

నవంబరులో ఎన్నికలు జరిగితే అదే పార్టీ 296 స్థానాలతో గెలిచింది. ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు రాయమని విద్యార్థులకు వారం గడువిస్తాను. కొత్త ప్రధాని ఇకెదా హయాతొ ఒప్పందం ఊసెత్తలేదు, పదేళ్లలో జాతీయాదాయాన్ని రెట్టింపు చేస్తానన్నాడు. జనం వీధుల్లోకి వచ్చింది ఒప్పందం నచ్చకనా, లేక పోలీసులతో సభ నడిపిన పద్ధతిలో పాత రోజులు మళ్లీ కనిపించినందుకా? నా అభిప్రాయం రెండోదే. సిరాతో పుస్తకాలు కొట్టేసిన పిల్లలకు అప్పటికి పాతికేళ్లు. వాళ్లు కాపాడుకోవాలనుకున్నది 1947 రాజ్యాంగం ఇచ్చిన ప్రశాంతమైన ఇల్లు. ఇకెదా ఆ ఇంట్లోకి సామాను తెస్తానన్నాడు. నిరసన తెలిపినవారు, ఓటేసినవారు వేరువేరు మనుషులని అనుకుంటే ఆ దశాబ్దం అర్థం కాదు.

ఆ సామాను సంగతి కూడా చూడండి. టెలివిజన్, బట్టలుతికే యంత్రం, ఫ్రిజ్ ఈ మూడింటినీ రాజవంశపు మూడు పవిత్ర చిహ్నాల పేరుతో పిలిచేవారు. 1959 ఏప్రిల్ 10న యువరాజు సామాన్య కుటుంబపు అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఆ ఊరేగింపు చూడటానికి ఎంతమంది టీవీలు కొన్నారంటే, ఏడాదిలోపే లైసెన్సులు 10 లక్షల నుంచి 20 లక్షలయ్యాయి. ఆస్థాన భాషలో రేడియోలో వినిపించిన రాచరికం 14 ఏళ్లలో ప్రేమ పెళ్లిగా తెర మీదికొచ్చింది. ఆ టీవీలు తయారుచేసే కర్మాగారాలకు, సరుకు అమ్మే దుకాణాలకు ఈశాన్యాన ఉన్న తోహొకు ప్రాంతపు పల్లెల నుంచి 15 ఏళ్ల పిల్లలు ప్రత్యేక రైళ్లలో ఉయెనో స్టేషన్‌లో దిగేవారు. పల్లె పిల్ల కోసం ఒక వరుస లేదని ఇప్పుడు గమనిస్తే, తొమ్మిదో వరుస చేర్చండి.

జాలరి వరుస

1956 జూలైలో ప్రభుత్వ ఆర్థిక నివేదిక, ఇక ఇది యుద్ధానంతర కాలం కాదని ప్రకటించింది. దీన్ని గర్వంగా ఉటంకించడం చూస్తుంటాం. నివేదికను చదివితే అది హెచ్చరిక: పాడైనదాన్ని బాగుచేసుకోవడం వల్ల వచ్చిన ఎదుగుదల అయిపోయింది, ఇకపై ఎదగాలంటే ఆధునికీకరణ తప్పదు అని. ఆ నివేదికకు రెండు నెలల ముందు, మే 1న, కుమమొతొ ప్రాంతంలోని మినమాటాలో కారణం తెలియని నరాల జబ్బు పిల్లల్లో కనిపిస్తోందని ఆరోగ్య కేంద్రానికి తొలి అధికారిక సమాచారం అందింది. రెండు తేదీలనూ ఒకే గడిలో రాయండి.

చిస్సో అనే రసాయన సంస్థ అసిటాల్డిహైడ్ తయారీలో వాడిన పాదరసం వ్యర్థ జలాలతో సముద్రంలోకి, చేపల్లోకి, చేపలు తిన్నవారిలోకి చేరింది. అసిటాల్డిహైడ్ నుంచి వచ్చే పదార్థాలు ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి పనికొచ్చేవి, కొత్త ఇళ్లలోని కొత్త వస్తువులన్నిటిలో ప్లాస్టిక్ ఉంది. 1959లో సంస్థ ఆసుపత్రి వైద్యుడు హొసొకవ హజిమె కర్మాగారపు వ్యర్థజలం కలిపిన తిండి పెట్టిన పిల్లికి అదే జబ్బు రావడం చూశాడు. ఆ ఫలితం బయటికి రానివ్వలేదు. అదే డిసెంబరులో బాధితులకు సానుభూతి సొమ్ము పేరుతో కొద్ది మొత్తం ఇచ్చి, భవిష్యత్తులో కారణం రుజువైనా ఇంకేమీ అడగబోమని సంతకాలు చేయించుకున్నారు. ప్రభుత్వం కారణాన్ని ఒప్పుకున్నది 1968 సెప్టెంబరులో. ఆ ప్రక్రియను కర్మాగారం మానేసింది అదే ఏడాది మేలో, అంటే దానితో పని తీరిపోయాక. 1968లోనే జపాన్ పశ్చిమ జర్మనీని దాటి పెట్టుబడిదారీ దేశాల్లో రెండో పెద్ద ఆర్థిక వ్యవస్థ అయింది. 1973 మార్చిలో కుమమొతొ న్యాయస్థానం సంస్థదే బాధ్యత అని తేల్చి, ఆ పాత సంతకాలు చెల్లవని చెప్పింది. నాకు యుద్ధానంతర జపాన్ మీద ఒకే ఒక్క అంశం చెప్పే అవకాశం ఇస్తే, ఒలింపిక్స్ కాదు, మినమాటా చెబుతాను.

వరుసలను ఎక్కడ ముగించాలి

ఒక్కో వరుసకు ఒక్కో ముగింపు తేదీ పెట్టండి, అన్నిటికీ ఒకటే పెట్టకండి. కౌలు రైతుకు 1950. సైనికుడి తల్లికి 1956 అనుకోవచ్చు, కానీ 1972 జనవరిలో గువామ్ అడవిలో యొకొయి షొయిచి, 1974 మార్చిలో ఫిలిప్పీన్స్‌లోని లుబాంగ్ ద్వీపంలో ఒనొద హిరూ అనే, అప్పటిదాకా దాక్కుని ఉన్న సైనికులు బయటపడినప్పుడు ఎన్నో ఇళ్లలో ఆశ మళ్లీ లేచి ఉంటుంది. 1974 డిసెంబరులో ఇండోనేషియాలోని మొరొతై ద్వీపంలో దొరికిన మూడో సైనికుణ్ణి చాలామంది మరిచిపోతారు. జపాన్ సైన్యంలో అతని పేరు నకమురా తెరువొ, పుట్టుకతో తైవాన్ ఆదివాసీ. యుద్ధానంతరం తైవాన్ జపాన్‌ది కాదు కనుక అతను పౌరుడు కాదు, మిగతా ఇద్దరికి దక్కిన స్వాగతం గానీ పింఛను గానీ అతనికి దక్కలేదు. కొరియా కార్మికుడి వరుసతో అతన్ని గీత గీసి కలపండి. హిరోషిమా స్త్రీ వరుసలో 1957 నాటి బాధితుల వైద్య చట్టం రాసి, గీతను తెరిచే ఉంచండి. జాలరి వరుస కూడా తెరిచే ఉంటుంది, గుర్తింపు కోసం దావాలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

కాగితం పూర్తయ్యాక, అదే పద్ధతిలో పశ్చిమ జర్మనీకి మరో కాగితం మొదలుపెట్టండి. 1945 మే 8 లొంగుబాటు, 1948 జూన్ 20 కరెన్సీ మార్పు, సోవియట్ శిబిరాల నుంచి చివరి ఖైదీలు తిరిగొచ్చిన 1955-56, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆష్విట్జ్ నాజీ మరణ శిబిరం సిబ్బందిపై విచారణ మొదలైన 1963 డిసెంబరు, ఈ నాలుగు తేదీలతో ప్రారంభిస్తే చాలు. ఎడమ పక్క మనుషుల పేర్లు మాత్రం ఈసారి మీరే ఎంచుకోండి.